సాయంత్రాలు చవగ్గా దొరికే ఊరు

ముందు ఒక్క మాట, చెల్లాయ్. పబ్బులకి వెళ్లాలని ఉందని చెప్పడానికి నువ్వు అంత నసగాల్సిన పనే లేదు. పొద్దున్నే లేచి ఆఫీసుకి పరిగెత్తి, నెలనెలా చీటీ కట్టుకుని, నీ సంపాదనతో స్నేహితురాళ్లతో కలిసి ఓ వారం తిరిగొద్దామనుకుంటున్నావు. కోటలూ మ్యూజియంలూ చూస్తామంటే ముచ్చటపడేవాళ్లు, రాత్రి పాటలూ మనుషులూ ఉన్నచోట కాసేపు కూర్చుంటామంటే ముఖం ఎందుకు మాడ్చుకోవాలి? ఊరన్నాక పగలూ ఉంటుంది, రాత్రీ ఉంటుంది. రెండూ చూసిరండి. అమ్మతో నేను మాట్లాడతాలే.

ఇక డబ్బు సంగతి. విదేశం అనగానే అందరం విమానం టికెట్టు ధర చూసి ఊరు ఎంచుకుంటాం. నన్నడిగితే సాయంత్రం ధర చూసి ఎంచుకోవాలంటాను. టికెట్టు ఒక్కసారి కొంటాం. సాయంత్రం రోజూ వస్తుంది. లండన్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో పగలంతా బ్రెడ్డు ముక్కతో గడిపి మిగుల్చుకున్నది రాత్రి ఒక్క భోజనానికీ రెండు గ్లాసులకీ సరిపోదు. అందుకే చాలామంది ఆడపిల్లలు అంత దూరం వెళ్లి కూడా చీకటి పడగానే గది తలుపు వేసుకుని, పప్పు ప్యాకెట్టు వేడినీళ్లలో కలుపుకుని పడుకుంటారు. ఊరు అప్పుడే మేలుకుంటోందన్న సంగతి వాళ్లకి తెలియకుండానే పోతుంది. అది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అలాంటి ప్రయాణం నీకు వద్దు.

థాయ్‌లాండ్, వియత్నాం ఇంకా చవకే, కాదనను. కానీ నువ్వు పాత యూరప్ ఊరు కావాలన్నావు. నది, వంతెనలు, రాతి వీధులు, రాత్రి సందడి, అన్నీ కావాలన్నావు. ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తట్టింది బుడాపెస్ట్. హంగేరీ రాజధాని. డాన్యూబ్ నదికి ఒక ఒడ్డున కొండలెక్కిన బుడా, ఇంకో ఒడ్డున చదునుగా పరుచుకున్న పెస్ట్. 1873 దాకా ఇవి వేరువేరు ఊళ్లు. ఆ ఏడే ఓబుడాతో కలిపి మూడింటినీ ఒక్క నగరం చేశారు. "హమ్ దిల్ దే చుకే సనమ్" గుర్తుందా? ఇటలీ అని చూపించిన ఊరు ఇదే. చివర్లో ఐశ్వర్యా రాయ్ నడిచి వెళ్లే ఆ సింహాల వంతెన ఇక్కడి చెయిన్ బ్రిడ్జే. మన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ కూడా 1913లో ఈ ఊళ్లోనే పుట్టింది. తల్లి హంగేరీ ఆవిడ.

అక్కడ చెల్లేది ఫోరింటు. ఇంచుమించు నాలుగో వంతు మన రూపాయల్లో వేసుకో. వెయ్యి ఫోరింట్లంటే రెండు వందల యాభై రూపాయల పైచిలుకు. పబ్బులో అర లీటరు బీరు వెయ్యి నుంచి పదిహేను వందల ఫోరింట్లుంటుంది. గచ్చిబౌలి పబ్బులో మీరు కట్టే బిల్లు గుర్తుచేసుకో, ధైర్యం దానంతటదే వస్తుంది. పైగా అక్కడ చాలాచోట్ల గుమ్మం దగ్గర టికెట్టు తీసుకోరు. జంటగా వచ్చారా, ఒంటరిగా వచ్చారా అని ఆరా తియ్యరు. ముగ్గురాడవాళ్లు వచ్చి ఒక మూల బల్ల దగ్గర కూర్చుంటే తల తిప్పి చూసేవాళ్లే ఉండరు. నాకు ఆ ఊళ్లో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఆ పబ్బుల గురించి కాస్త నిదానంగా చెప్పాలి. వాటిని రొమ్‌కొచ్మా అంటారు, అంటే పాడుబడ్డ ఇళ్లలో పెట్టిన పబ్బులు. పెస్ట్ వైపు ఏడో వార్డు, ఎర్జేబెత్‌వారోష్, పాత యూదుల పేట. అక్కడి ఇళ్లు మన మండువా లోగిళ్ల మాదిరే ఉంటాయి. వీధిలోంచి పెద్ద తలుపు తోసుకుని వెళ్తే మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ అంతస్తు అంతస్తుకీ వసారా, వసారాలోకి తెరుచుకునే గదులు. 1944 చివర్లో నాజీల పక్షాన ఉన్న ప్రభుత్వం ఈ పేట చుట్టూ గోడ కట్టి, పదుల వేలమంది యూదుల్ని లోపల బంధించింది. 1945 జనవరిలో సోవియట్ సైన్యం వచ్చేదాకా ఆకలితో, చలితో ఎంతమంది పోయారో. మిగిలినవాళ్లలో చాలామంది తిరిగి ఆ ఇళ్లల్లో బతకలేకపోయారు. తర్వాత కమ్యూనిస్టుల కాలంలో ఇళ్లు సర్కారు పరమయ్యాయి, మరమ్మతు చేసే దిక్కు లేకుండా పోయింది. 1989 తర్వాత ఎన్నో ఇళ్లు కూల్చివేతకి ఎదురుచూస్తూ మిగిలాయి.

అప్పుడు చేతిలో డబ్బు లేని కుర్రాళ్లు ఆ వాకిళ్లని తక్కువ అద్దెకి తీసుకున్నారు. వీధిలో పారేసిన కుర్చీలూ పాత సోఫాలూ ఏరుకొచ్చారు. గోడల పెచ్చులూడినచోట బొమ్మలు వేశారు, రంగుల దీపాలు వేలాడదీశారు, బీరు అమ్మడం మొదలుపెట్టారు. వీటన్నిటికీ పెద్దక్క సింప్లా కెర్ట్. 2002లో మొదలై, 2004లో కజింత్సి వీధిలోని పాత పొయ్యిల ఫ్యాక్టరీలోకి మారింది. అక్కడ స్నానాల తొట్టిని సగం కోసి సోఫా చేశారు. తూర్పు జర్మనీలో తయారైన ట్రాబాంట్ కారు పైకప్పు తీసేసి లోపల బల్ల వేశారు. మేడ మీద గదుల్లో పాత టీవీలు, తీగలు, మొక్కలు. గదికో పాట, గదికో వెలుగు. ఒకదాన్నుంచి ఇంకోదానికి తిరుగుతూనే గంటలు గడుస్తాయి. ఆదివారం ఉదయం వెళ్తే అదే వాకిట్లో రైతుల సంత. తేనె, జున్ను, ఊరగాయలు అమ్ముతుంటారు. రాత్రి నాట్యం చేసినచోట పొద్దున ముసలమ్మలు సంచులు పట్టుకుని కూరగాయలు బేరమాడటం చూడు, ఆ ఊరు ఏంటో అర్థమవుతుంది.

సింప్లా ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన చోటు. గ్లాసు ధర చుట్టుపక్కల కన్నా ఎక్కువే, శనివారం రాత్రి కాలు పెట్టే చోటుండదు. అందుకని మంగళ, బుధవారాల్లో సాయంత్రం ఆరింటికే వెళ్లండి. వెలుగుండగా ఇల్లు కనిపిస్తుంది, చీకటి పడేకొద్దీ జనం వస్తారు, రెండూ చూసినట్టవుతుంది. బాగా నాట్యం చెయ్యాలనుంటే అకాత్సఫా వీధిలో ఇన్‌స్టంట్-ఫోగాష్ ఉంది, లోపల ఒకదానికొకటి పొంతన లేని హాళ్లు చాలా ఉంటాయి. గోజ్దు ఉద్వర్ అని ఒక వీధి నుంచి ఇంకో వీధికి వాకిళ్లు కలుపుకుంటూ పోయే దారి ఉంది. నడవడానికి అందంగా ఉంటుంది కానీ తాగడానికీ తినడానికీ ఖరీదు. దాని గుండా నడిచి, పక్క సందులో కూర్చోండి.

ఒక్కటి మాత్రం మర్చిపోకు. ఆ పబ్బుల పైన, పక్కన, ఎదురుగా మనుషులు కాపురాలుంటున్నారు. పిల్లల్ని నిద్రపుచ్చుకుంటారు, పొద్దున్నే పనికి వెళ్తారు. రాత్రి గోలకి తట్టుకోలేక పబ్బుల్ని అర్ధరాత్రికే మూయించాలని 2018లో ఆ వార్డులో ఓటింగు దాకా వెళ్లారు. ఓటు వెయ్యడానికి తగినంతమంది రాక అది చెల్లలేదు. మీరు లోపల ఎంత నవ్వుకున్నా పర్వాలేదు. వీధిలోకి వచ్చాక గొంతు తగ్గించండి. ఆ గోడలు చూసినదాన్ని తలుచుకుంటే ఆపాటి మర్యాద మన బాధ్యత. అందుకే మొదటి సాయంత్రం పబ్బుకి వెళ్లేముందు పగటిపూట దొహాని వీధిలోని యూదుల ప్రార్థనాలయం చూడమంటాను. 1859లో కట్టారు, యూరప్‌లో అంతకన్నా పెద్దది లేదు. వెనక తోటలో లోహంతో చేసిన ఏడుపు విల్లో చెట్టు ఉంటుంది, ఆకు ఆకు మీదా చనిపోయినవాళ్ల పేర్లు. టికెట్టు కాస్త ఎక్కువే. అయినా దీనికి పెట్టు.

మీలో ఒకమ్మాయి తాగదన్నావు కదా. ఆమెకి ఆ ఊరు ఏ లోటూ చెయ్యదు. హంగేరీలో లిమొనాదే అంటే పెద్ద గాజు గ్లాసులో పండ్ల ముక్కలు, పుదీనా వేసి ఇచ్చే నిమ్మరసం, ప్రతి పబ్బులోనూ దొరుకుతుంది. బోద్జా అనే పూల షర్బత్తు సోడాలో కలిపి ఇస్తారు, ఎంత బావుంటుందో. కొద్దిగా తాగేవాళ్లకైతే ఫ్రొచ్ మేలు. వైనులో సోడా కలిపేది. ఒక వంతు వైనుకి రెండు వంతుల సోడా పోసింది కావాలంటే హొస్సూలేపేష్ అని అడుగు. తేలిగ్గా ఉంటుంది, ఎక్కువసేపు వస్తుంది, జేబుకీ తలకీ మంచిది. పాలింకా మాత్రం జాగ్రత్త. పండ్లతో తీసే ఘాటు సారా, చిన్న గ్లాసే కదా అని రెండు వేస్తే మరుసటి రోజు మీ పగలు పోయినట్టే. ఇంకో సంగతి, అక్కడివాళ్లలో కొందరు ఇప్పటికీ బీరు గ్లాసులు తాకించుకోరు. 1849లో హంగేరీ తిరుగుబాటుని అణిచేసి 13 మంది సేనానుల్ని అరాద్‌లో చంపించాక ఆస్ట్రియన్లు బీరు గ్లాసులు టింగుమనిపించుకున్నారని చెప్పుకుంటారు. పెద్దవాళ్ల పక్కన కూర్చుంటే మీరూ గ్లాసు ఎత్తి ఊరుకోండి, వాళ్ల కళ్లలో ఆదరణ కనిపిస్తుంది.

జాగ్రత్తలు నీకు తెలియనివి కావు, అయినా అక్కని కాబట్టి చెబుతాను. గ్లాసు బల్ల మీద వదిలి నాట్యానికి వెళ్లొద్దు. ముగ్గురూ కలిసి వెళ్లి ముగ్గురూ కలిసి రండి. ధరల పట్టీ చూపించని చోట కూర్చోవద్దు. బిల్లులో సర్వీసు చార్జీ ముందే వేసి ఉంటుంది చాలాచోట్ల, అది చూసుకోకుండా మళ్లీ టిప్పు పెట్టొద్దు. వీధిలో టాక్సీ ఆపకండి, యాప్‌లో పిలవండి. అసలు టాక్సీ అవసరమే తక్కువ, పెద్ద బులెవార్డు మీద 6 నంబరు ట్రామ్ రాత్రంతా తిరుగుతుంది. గది దానికి దగ్గర్లో చూసుకుంటే సగం బెంగ తీరుతుంది. ఏదైనా అయితే 112కి ఫోను.

గది సంగతి వచ్చింది కాబట్టి, ఏడో వార్డు నడిబొడ్డున మాత్రం తీసుకోకండి, రాత్రంతా వీధి మీ చెవిలోనే ఉంటుంది. పక్కనే ఆరో వార్డు తెరేజ్‌వారోష్, కానీ అక్కడ అపార్టుమెంట్లని యాత్రికులకి రోజుల లెక్కన అద్దెకివ్వడాన్ని 2026 జనవరి నుంచి ఆపేశారు, హోటళ్లే చూసుకోవాలి. ఎనిమిదో వార్డులో నేషనల్ మ్యూజియం చుట్టుపక్కల, తొమ్మిదో వార్డులో పెద్ద బజారు దగ్గర గదులు కాస్త తక్కువకి వస్తాయి, పబ్బుల పేటకి నడిచే దూరమే. వంటగది ఉన్నది దొరికితే పొద్దుట ఉప్మా చేసుకుని టిఫిను ఖర్చు మిగుల్చుకోవచ్చు.

పగలు చూడాల్సినవాటిలో చాలావాటికి డబ్బే అక్కర్లేదు. పార్లమెంటు భవనం లోపలికి యూరోపియన్ యూనియన్ వాళ్లకి ఒక ధర, మనకి దాదాపు రెట్టింపు. నేనైతే లోపలి టికెట్టు వదిలేసి, సంధ్యవేళ మెట్రోలో బత్యాని తేర్ స్టేషన్‌కి వెళ్లి నది అవతలి ఒడ్డునుంచి చూడమంటాను. దీపాలు వెలిగిన ఆ భవనం మొత్తం నీళ్లలో పడుతుంది. దాని గుమ్మటం ఎత్తు 96 మీటర్లు, సెంట్ స్టీఫెన్ బసిలికా ఎత్తూ అంతే. 896లో హంగేరీవాళ్ల పూర్వీకులైన మజార్లు ఈ నేలకొచ్చారన్న లెక్కకి గుర్తుగా అలా కట్టారు. బుడా కొండ మీదున్న జాలరుల బురుజులో కింది వసారాలు ఉచితం, అక్కడినుంచే ఊరంతా కనిపిస్తుంది. కొండ మీదికి ఫ్యునిక్యులర్ బండి ఉంది కానీ దానికి వేరే టికెట్టు, ఖరీదు. దేఆక్ తేర్ నుంచి 16 నంబరు బస్సు మామూలు పాసుతోనే పైకి తీసుకెళ్తుంది. మూడు రోజుల పాసు ఒకటి కొనుక్కుంటే ట్రామ్, మెట్రో, బస్సు అన్నీ ఎక్కొచ్చు. 2 నంబరు ట్రామ్ పెస్ట్ ఒడ్డు వెంబడే పోతుంది, కిటికీ పక్క సీటు దొరికితే పడవ విహారం డబ్బు మిగిలినట్టే. పసుపు రంగు ఒకటో మెట్రో 1896 నాటిది, యూరప్ ప్రధాన భూభాగంలో అదే మొదటి భూగర్భ రైలు. విడి టికెట్టు కొంటే మాత్రం మిషన్లో ముద్ర వేయించడం మర్చిపోవద్దు, తనిఖీవాళ్లు యాత్రికులని కూడా వదలరు.

పార్లమెంటు పక్కనే నది గట్టు మీద 60 జతల ఇనుప చెప్పులుంటాయి, 2005లో పెట్టారు. 1944-45 చలికాలంలో యూదుల్ని అక్కడ నిలబెట్టి, చెప్పులు విప్పించి, నదిలో పడేలా కాల్చేశారు. ఆ చెప్పుల్లో చిన్నపిల్లలవీ ఉన్నాయి. అక్కడ సెల్ఫీ తీసుకునేవాళ్లు కనిపిస్తారు. మీరు తీసుకోవద్దు.

ఒక్కచోట మాత్రం చెయ్యి బిగించకండి. వేడినీటి స్నానాలు. ఊరి కింద వేడి ఊటలున్నాయి. సేచెన్యి స్నానశాల 1913లో తెరిచారు, పసుపు రంగు మేడల మధ్య ఆరుబయట కొలను, నడుముల్లోతు వేడినీళ్లలో నిలబడి పెద్దాయనలు చదరంగం ఆడుతుంటారు. టికెట్టు మన లెక్కలో మూడు వేల పైనే, కానీ సగం రోజు గడపొచ్చు. స్నానపు దుస్తులు, తువ్వాలు, రబ్బరు చెప్పులు ఇక్కడినుంచే పట్టుకెళ్లండి, అక్కడ అద్దెకి తీసుకుంటే వాచిపోతుంది. గెల్లెర్ట్ స్నానశాల అందమని ఎవరైనా చెబితే విను కానీ వెళ్లకు, 2025 అక్టోబరు నుంచి మరమ్మతులకి మూసేశారు. అందరి ముందూ కొలనులో దిగడం ఇబ్బందనిపిస్తే రుదాష్‌కి వెళ్లండి. తురుష్కుల కాలంలో, పదహారో శతాబ్దంలో కట్టిన ఎనిమిది మూలల కొలను, గుమ్మటానికి రంగు అద్దాల కన్నాలు. వారంలో ఒక రోజు ఆడవాళ్లకే కేటాయిస్తారు, చాలాకాలంగా అది మంగళవారం.

తిండి గురించి నువ్వు బెంగపడ్డావు కానీ కారం తినే దేశం అది. మిరప అమెరికా నుంచి బయల్దేరి తురుష్కుల చేతిమీదుగా అక్కడికి చేరింది, పోర్చుగీసుల ఓడల్లో మనకొచ్చింది. సెగెద్, కలొచా ఊళ్లకి ఆ పంటే పేరు, గుంటూరుకి ఉన్నట్టు. సెంట్-ద్యోర్ది అనే శాస్త్రవేత్త ఆ సెగెద్ మిరపకాయల్లోంచే విటమిన్ సి రాశిగా తీసి, 1937లో నోబెల్ అందుకున్నాడు. 1897 నాటి పెద్ద బజారు భవనంలో కింద అంతస్తులో పాప్రికా పొడి కొనండి, పై అంతస్తులో భోజనం చెయ్యకండి, అక్కడ ధరలు యాత్రికుల కోసమే. మాంసం తినని అమ్మాయికి లెచో ఉంది, మిరపకాయలూ టమాటాలూ ఉల్లిపాయలూ మగ్గబెట్టిన కూర, సాసేజి లేకుండా ఇమ్మని చెప్పాలి. ఫోజెలేక్ అని చిక్కటి కూరగాయల వంటకం మధ్యాహ్నం చిన్న హోటళ్లలో చవగ్గా పెడతారు. పబ్బు నుంచి వచ్చేటప్పుడు ఆకలేస్తే లాంగోష్, నూనెలో వేయించిన పిండి రొట్టె మీద పుల్లటి మీగడ, జున్ను తురుము. ఒకటి కొని ముగ్గురూ తినొచ్చు. కొళాయి నీళ్లు తాగొచ్చు, సీసా నింపుకోండి, నీళ్లకి రూపాయి పెట్టొద్దు.

నా లెక్కలో అన్నీ కలిపి వారానికి తలా లక్షా పాతిక నుంచి లక్షా ముప్పై వేలు. అందులో సగం పైన విమానానికే. హైదరాబాదు నుంచి నేరుగా లేదు, దోహా లేదా దుబాయ్‌లో మారాలి. ముగ్గురూ ఒకే గది పంచుకుంటేనే ఈ లెక్క. షెంగెన్ వీసా రుసుము 90 యూరోలు, వీసా కేంద్రంవాళ్ల సేవా రుసుము అదనం. 30,000 యూరోలకి తగ్గని ప్రయాణ బీమా ఉండాలి. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు పాస్‌పోర్టు చెల్లాలి. బ్యాంకు ఖాతాలో చీటీ డబ్బు ఒక్కసారి వచ్చి పడితే అడుగుతారు, చీటీ కంపెనీ కాగితం జత చెయ్యి. వీసా చేతికి రాకముందే డబ్బు తిరిగిరాని టికెట్టూ గదీ కొనొద్దు. అక్కడ దిగాక డబ్బు తీస్తే బ్యాంకు గోడకున్న ఏటీఎంలోనే తియ్యి. మిషను "రూపాయల్లో లెక్కకట్టమంటారా" అని అడిగితే వద్దను, ఫోరింట్లలోనే కానివ్వు.

వెళ్లడానికి సెప్టెంబరు చివర, అక్టోబరు మొదలు బావుంటుంది. ఎండ తగ్గుతుంది, వేసవి ధరలు దిగుతాయి, సాయంత్రాలు ఇంకా ఆరుబయట కూర్చునేలా ఉంటాయి. దసరా సెలవులు కలిసొస్తే ఆఫీసులో తక్కువ సెలవు పెడితే చాలు. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు, కాబట్టి జూన్ దాటనివ్వకు. ఈ ఆదివారం ముగ్గురూ పాస్‌పోర్టులు తీసుకుని ఇంటికి రండి, తేదీలు చూసుకుందాం. గుత్తివంకాయ చేస్తాను.